బావిలో పెట్రోలు వాసన వస్తే జీవామృతం పోయకండి

పోయిన వారం వీడియోలో మా బాబాయి బావి చూశారు కదా. చేదతో నీళ్లు తోడి గాజు సీసాలో పోసి ఎండకి పెడితే పైన రంగులు తిరిగే పొర కనబడింది. అది చూసి ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "జీవామృతం పోస్తే పోదా తమ్ముడూ? సూక్ష్మజీవులు తినేస్తాయిగా?" తింటాయి, నిజమే. కానీ బావిలో మాత్రం పోయకండి. ఎందుకు వద్దంటున్నానో వీడియోలో రెండు ముక్కల్లో చెప్పేశాను, అది సరిపోలేదు. అసలు కథ మొదటినుంచి రాస్తాను.

బాబాయికి హైవే పక్కన రెండున్నర ఎకరాలు. గరప నేల, పాత ఒరల బావి. తోటకూర, పాలకూర, గోంగూర, కాస్త బెండ, వంగ వేస్తాడు. ఆరేళ్లుగా రసాయనం ముట్టలేదు. ఆయన కూరలూ నా కూరలూ కలిపి వారానికి రెండుసార్లు టౌన్‌లో ఇళ్లకి పంపుతుంటాను. రెండేళ్ల కిందట వేసవిలో మోటారు వేసేసరికి నీళ్లు వాసన కొట్టాయి. నిజానికి నెల ముందే పిన్ని చెప్పింది, గాబు దగ్గర ఉతికిన బట్టలు ఆరాక కూడా అదోరకం వాసన వస్తున్నాయని. సబ్బు మార్చమన్నాం. అంతే, ఎవరం పట్టించుకోలేదు.

మొదట అనుమానం మా మీదే పెట్టుకున్నాం. బావి గట్టు పక్కనే రేకుల షెడ్డు, అందులో పాత డీజిల్ ఇంజను, రెండు డ్రమ్ములు. డ్రమ్ము కింద నేల నల్లగా ఉంది. "మనదే అయ్యుంటుందిరా" అన్నాడు బాబాయి. డ్రమ్ములు తీసేశాం, నల్లమట్టి రెండడుగులు తవ్వి ఎత్తేశాం, బావి సగందాకా తోడించాం. నాలుగు రోజులు బాగానే ఉండి మళ్లీ వాసన. ఈసారి జాగ్రత్తగా ముక్కు పెట్టి చూస్తే అది డీజిల్ వాసన కాదు. డీజిల్‌ది జిడ్డు వాసన, చేతికి పట్టుకుంటే వదలదు. ఇది బండిలో పెట్రోలు కొట్టించేటప్పుడు వచ్చే ఘాటు.

పొర కనబడగానే కంగారు పడక్కర్లేదు, ఒక చిన్న పరీక్ష ఉంది. ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఒక రకం బాక్టీరియా వల్ల కూడా ఇలాగే రంగుల పొర కడుతుంది. పుల్లతో కదపండి. పగిలిన పెంకుల్లా ముక్కలై విడిగా ఉండిపోతే అది బాక్టీరియా పొర. విడిపోయి మళ్లీ చుట్టూ చేరి అతుక్కుంటే నూనె జాతి. మాది అతుక్కుంది.

ఇంకో మాట, దీన్ని పెద్దక్షరాల్లో రాసినట్టు చదవండి. అలాంటి బావిలోకి ఎవరూ దిగొద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బావి అడుగున, ఒరల మధ్య నిలిచిపోతుంది. మనిషికి ఊపిరాడదు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మోటారు స్విచ్చి, వెల్డింగు, బీడీ, అన్నీ దూరం. మేం పూడిక తీయించే మనిషిని పిలిచేశాం కూడా. ఆయనకి ఆ రోజు వేరే పని పడి రాలేదు, మా అదృష్టం.

బావికి ఎనభై మీటర్ల దూరంలో పెట్రోలు బంకు ఉంది. పేరు రాయను, ఇంకా మాటలు నడుస్తున్నాయి. యజమాని దగ్గరికి వెళ్తే మర్యాదగానే మాట్లాడాడు. రోజూ కర్రతో డిప్ చూస్తాం, అమ్మకానికీ నిల్వకీ లెక్క సరిపోతోంది, మా దగ్గర లీకు లేదు అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననను. ఆయనకి నిజంగానే తెలీదు. ఎందుకంటే ఒక అతుకు దగ్గర సెకనుకి ఒక్క చుక్క కారితే రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు. రోజూ వేల లీటర్లు అమ్మే చోట, ఎండకి పెట్రోలు వ్యాకోచించి చలికి కుదించుకునే చోట, నాలుగు లీటర్లు డిప్ కర్ర మీద గీత మందం కూడా ఉండవు. ఏడాదికి లెక్కేస్తే మాత్రం పదిహేను వందల లీటర్లు నేలలోకి పోయినట్టు. ట్యాంకు కంటే ఎక్కువగా కారేది పైపులు, వాటి అతుకులు. అందరూ ట్యాంకు ఇనుము తుప్పు పట్టిందా అనే చూస్తారు.

ఆ చుక్కల విలువ తెలియాలంటే ఇంకో లెక్క. మన దేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం, రక్తక్యాన్సర్‌తో దానికి సంబంధం ఉంది. తాగే నీళ్లలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక లీటరు పెట్రోల్లో బెంజీన్ సుమారు 8,800 మిల్లీగ్రాములు. అంటే ఒక్క లీటరు పెట్రోలు 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని ఆ గీత దాకా తీసుకురాగలదు. పైగా పెట్రోల్లోని మిగతా భాగాలతో పోలిస్తే బెంజీన్ నీళ్లలో బాగా కరుగుతుంది. పైన పొర తీసేసి, నీళ్లు తేటగా ఉన్నాయి కదా అనుకుంటే మోసపోతాం.

ఎటు నుంచి వస్తోంది?

బంకు దగ్గరుంది కాబట్టి బంకే అనడం సులువు. కానీ రోడ్డుకి అటుపక్క మెకానిక్ షెడ్డు ఉంది, లారీలు కడిగే చోటు ఉంది. నేల కింద నీళ్లు ఎటు నడుస్తున్నాయో తెలియకుండా వేలు చూపిస్తే రేపు మన మాట నిలబడదు. నీటి వాలు తెలియాలంటే కనీసం మూడు చోట్ల నీటిమట్టం కావాలి, ఆ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. బాబాయి బావి, పక్కవాళ్ల వాడని బోరు, స్కూలు వెనక బావి తీసుకున్నాం. సర్వే పని చేసే మా స్నేహితుడు లెవెల్ పరికరం తెచ్చి మూడు గట్ల ఎత్తులు తీసిపెట్టాడు. మోటార్లన్నీ ఒక రాత్రంతా ఆపించి, తెల్లారగట్ల తాడుకి బరువు కట్టి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచాం. గట్టు ఎత్తులోంచి లోతు తీసేస్తే నీటిమట్టం. కాగితం మీద వేస్తే వాలు బంకు వైపు నుంచి మా వైపుకే ఉంది. మెకానిక్ షెడ్డు దిగువన పడింది.

ఇక్కడ ఒక మెలిక. బాబాయి మోటారు రోజుకి ఆరు గంటలు ఆడుతుంది. మోటారు ఆడేటప్పుడు బావి చుట్టూ నీటిమట్టం గరాటులా కిందికి దిగి చుట్టుపక్కల నీళ్లన్నీ అటే వస్తాయి. అంటే కొంత మన తోడకమే ఆ మురికిని లాక్కొచ్చింది. అలాగని ఒక్కసారిగా మోటారు కట్టేస్తే అది దారి మార్చుకుని దిగువన ఇంకొకరి బోరుకి పోవచ్చు. దిగువ బోర్లు కూడా పరీక్ష చేయించకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దు. మా గరప నేలలో వాలు చూసి అంచనా కట్టడం కొంత తేలిక. తెలంగాణ, రాయలసీమల్లో అడుగున రాతిపొర ఉండే చోట నీళ్లు పగుళ్ల వెంబడి పోతాయి, పక్క బోరు బాగుండి అరకిలోమీటరు అవతలి బోరు పాడవొచ్చు.

శాంపిల్ తీయడంలో మేం ఒకసారి తప్పు చేశాం. మినరల్ వాటర్ బాటిల్లో పట్టుకెళ్లాం. ల్యాబ్ వాళ్లు తీసుకోలేదు, మంచిపని చేశారు. పెట్రోలు భాగాలు ఆవిరైపోతాయి, ప్లాస్టిక్ కొంత పీల్చుకుంటుంది. 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలు ల్యాబే ఇస్తుంది. మోటారు నీళ్లు కాకుండా, తోడిన నీళ్లని నురగ రాకుండా మెల్లగా అంచుదాకా నింపి మూత పెట్టాలి. తలకిందులు చేస్తే లోపల గాలిబుడగ కనబడకూడదు. ఐస్ డబ్బాలో పెట్టి ఆ రోజే పంపాలి. మామూలు పీహెచ్, ఈసీ చూసే నీటి పరీక్షలో ఇది తేలదు. బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అని నాలుగూ కలిపి అడగండి, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు కూడా. గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితేనే ఆ కాగితానికి విలువ. మా రిపోర్టులో బెంజీన్ పైన చెప్పిన గీతకి ముప్ఫై రెట్లు వచ్చింది.

ఆ కాగితం జతచేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ, కలెక్టరేట్‌కీ, పెట్రోలియం లైసెన్సు ఇచ్చే పేలుడు పదార్థాల భద్రతా సంస్థకీ, ఆయిల్ కంపెనీకీ నాలుగు ఉత్తరాలు పంపాం. రిజిస్టర్డ్ పోస్టులో, రసీదులతో. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒకే వారంలో అందరూ వచ్చారు. పైపులైన్లకి గాలి పీడనం పెట్టి పరీక్షిస్తే ట్యాంకులు బాగానే ఉన్నాయి, ఒక పంపుకి వెళ్లే పైపు మాత్రం పీడనం నిలబెట్టలేదు. తవ్వితే అతుకు దగ్గర మట్టి తడిగా, ముక్కు పగిలే వాసన.

బంకు యజమాని అప్పుడు ఒక మాట అన్నాడు. రెండు వానాకాలాల కిందట పెట్రోల్లో నీళ్లొస్తున్నాయని బండ్లవాళ్లు గొడవ చేస్తే ట్యాంకు మూతలు మార్పించాడట. మా బంకులో ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరూ తేల్చలేదు కానీ, రంధ్రానికి రెండువైపులా దారి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. భూగర్భ జలం పైకొచ్చినప్పుడు నీళ్లు లోపలికి, అది దిగినప్పుడు పెట్రోలు బయటికి. మీ దగ్గర బంకులో వానాకాలం అలాంటి గొడవ జరిగితే, ఆ వేసవిలో మీ బావి ఒకసారి వాసన చూసుకోండి.

జీవామృతం సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. నేలలో పెట్రోలు తినే బాక్టీరియా ఉన్నాయి, కొత్తగా తేవక్కర్లేదు. మన దేశంలోనే టెరీ సంస్థ ఇలాంటి బాక్టీరియా మిశ్రమాన్ని ఆయిల్‌జాపర్ పేరుతో తయారుచేసింది, చమురు మడ్డి పడ్డ నేలల్ని దానితో బాగుచేశారు. కాబట్టి మన నమ్మకం తప్పు కాదు. లోటు సూక్ష్మజీవులది కాదు, గాలిది.

లెక్క చూడండి. ఒక లీటరు పెట్రోలుని పూర్తిగా తినాలంటే వాటికి సుమారు రెండున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. మంచి బావి నీళ్లలో కరిగి ఉండేది లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాములే అనుకున్నా, ఒక లీటరు పెట్రోలుకి మూడు లక్షల లీటర్ల నీళ్లలో ఉన్న గాలంతా కావాలి. ఆ గాలి అయిపోయాక గాలి అక్కర్లేని బాక్టీరియా పని అందుకుంటాయి, కానీ బెంజీన్ దగ్గర చాలా నెమ్మది. ఇలాంటి చోట మనం డ్రమ్ము జీవామృతం పోస్తే ఏమవుతుంది? అందులో రెండు కిలోల బెల్లం ఉంది. సూక్ష్మజీవులకి బెల్లం ముందు, బెంజీన్ తర్వాత. విందు భోజనం వడ్డించి పక్కన కాకరకాయ పెట్టినట్టు. ఆ రెండు కిలోల బెల్లం తినడానికే సుమారు రెండు కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. పిండి, పేడ, మూత్రం లెక్కలోకి తీసుకోకుండానే. అంటే పెట్రోలు తినాల్సిన గాలిని మనమే దోచుకున్నట్టు. పైగా తాగే బావిలో పేడ బాక్టీరియా, నైట్రేటు కలిపినట్టు. నేను కూడా మొదటి వారంలో ఒక డ్రమ్ము సిద్ధం చేసి పెట్టుకున్నవాణ్ణే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇదే గొడవ ఇప్పుడు పెట్రోల్లోనే ఉంది. 2025 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న రైతులకి మంచిదే. కానీ లీకైనప్పుడు బాక్టీరియా ఇథనాల్‌ని ముందు తిని గాలి అవగొడతాయి, బెంజీన్ మిగిలిపోయి ఇంకొంచెం దూరం నడుస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఇథనాల్ కలుపుతున్న బ్రెజిల్‌లో శాంటా కటరీనా విశ్వవిద్యాలయం వాళ్లు నేలలోకి కావాలని వదిలి ఏళ్ల తరబడి కొలిచి చూశారు దీన్ని.

మరి శుభ్రం చేసేది ఎలా? వరస ముఖ్యం. ముందు కారేది ఆపాలి. తర్వాత నీళ్ల మీద తేలే పెట్రోలు తీయాలి. బంకు పక్కన వేసిన పరిశీలన బోరులో అది రెండు వేళ్ల మందం ఉంది, చిన్న పంపుతో తోడి డ్రముల్లో పట్టి ప్రమాదకర వ్యర్థాల కింద పంపించారు. ఆ పొర ఉన్నంతకాలం అది కింది నీళ్లలోకి కరుగుతూనే ఉంటుంది, మిగతా ఏ వైద్యం చేసినా వృథా. ఆ తర్వాత తడిసిన మట్టి. ఆరు ట్రాక్టర్ల మట్టి తవ్వి మందపాటి షీటు మీద కుప్పపోసి, తేమ ఉంచుతూ, తిరగేస్తూ, వాన పడకుండా కప్పారు. అచ్చం మన కంపోస్టు కుప్పే. సూక్ష్మజీవులకి నత్రజని, భాస్వరం కావాలని కాంట్రాక్టరు మనిషి యూరియా, డీఏపీ చల్లుతూ నా ముఖం చూసి నవ్వాడు. ఆ మట్టిని పొలానికి అడగలేదు, ఇస్తానన్నా తీసుకోను.

తవ్వలేనంత లోతు మట్టికి గొట్టాలు దించి గాలి ఆడిస్తారు. పెట్రోలు ఆవిరయ్యే గుణం ఉన్నది కాబట్టి వాక్యూమ్ పెట్టి ఆవిరి లాగేస్తారు, బొగ్గు ఫిల్టరు గుండా వదులుతారు. డీజిల్ అయితే అంత తేలిగ్గా ఆవిరవదు, అక్కడ మెల్లగా గాలి అందిస్తూ బాక్టీరియా చేత తినిపించడమే. మనం వాపస అంటాం కదా, వేరు దగ్గర గాలీ తేమా రెండూ ఉండాలని. వాళ్లు ఇరవై అడుగుల కింద చేసేది అదే. పైపుల్లోంచి వచ్చే గాలిలో ఆవిరి రోజురోజుకీ తగ్గడం మీటరు మీద చూపించారు, వీడియోలో ఆ ముక్క ఉంది.

ఇంత పని ఖర్చు ఎవరిది అన్నదే ఎక్కడైనా తగువు. అమెరికా 1984లో నేలలో పాతిన ట్యాంకుల మీద చట్టం తెచ్చింది, 1998 డిసెంబరు కల్లా పాత ట్యాంకులన్నీ మార్చడమో, బాగుచేయడమో, మూసేయడమో చేయాలంది. 1986లో ఇంధనం గ్యాలన్‌కి సెంటులో పదోవంతు పన్ను వేసి శుభ్రం చేయడానికి నిధి పెట్టింది. అయినా ఇప్పటివరకు 5 లక్షల 50 వేలకు పైగా లీకులు లెక్కకొచ్చాయి, ఎక్కువ భాగం బాగుచేసినా 50 వేలకు పైగా ఇంకా మిగిలే ఉన్నాయి. శాంటా మోనికా అనే ఊరు 1996లో పెట్రోల్లో కలిపే ఒక రసాయనం వల్ల తన నీటివనరులో సగం దాకా బావులు మూసుకుంది. మన దక్షిణాన చెన్నై తొండియార్‌పేటలో 2013లో పైపులైను లీకై ఇళ్ల బోర్లలో నూనె తేలింది.

మన దగ్గర కొత్త బంకులు స్కూళ్లకి, పది పడకలు, అంతకు మించి ఉన్న ఆసుపత్రులకి, నివాసాలకి 50 మీటర్ల దూరంలో ఉండాలని, తప్పనిసరైనా 30 మీటర్లకి తగ్గకూడదని 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దూరం లెక్కలో మన సాగు బావి లేదు. నష్టపరిహారానికి హరిత ట్రిబ్యునల్‌కి ఐదేళ్లలోపు వెళ్లొచ్చు, తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. 2025 జులైలో కలుషిత స్థలాల మీద కేంద్రం నియమాలు కూడా తెచ్చింది, అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం పంపాలి. అందుకే మీ ఉత్తరం కలెక్టరేట్‌కి తప్పకుండా వెళ్లాలి. బాబాయి ఇంకా కేసు వేయలేదు. కంపెనీ వాళ్లు పశువులకీ ఇంటికీ ట్యాంకరు నీళ్లు పంపారు, పంట నష్టం మీద బేరం సాగుతోంది. ఐదేళ్ల గడువు తేదీ మాత్రం గోడమీద క్యాలెండర్ పక్కన రాసిపెట్టాను.

కూరల సంగతి అడిగారు. వాసన వచ్చిన రోజే ఆ నీళ్లు తడిపిన ఆకుకూరలు కోయడం ఆపేశాం. బెంజీన్ ఆవిరైపోతుంది, ఆకులో పెద్దగా నిలవదని ఒకాయన ధైర్యం చెప్పాడు. అయ్యుండొచ్చు. కానీ ఆ ధైర్యం నా కస్టమరు పిల్లాడి గిన్నెలో పెట్టలేను కదా. అందరికీ మెసేజ్ పెట్టాం, మా పీజీఎస్ గ్రూపుకీ చెప్పాం. అరవై ఇళ్లలో పంతొమ్మిది మంది మానేశారు. వాళ్లలో నలుగురు ఈ సంక్రాంతికి తిరిగొచ్చారు. మిగతా కూరలు కూడా మీ పొలంవేనా, బాబాయివా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు, అడగనివ్వండి.

పద్నాలుగు నెలల తర్వాత బాబాయి బావిలో బెంజీన్ గీతకి మూడు రెట్ల దగ్గరికి దిగింది. వాసన పూర్తిగా పోయింది, అదే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే ముక్కుకి అందని చోట కూడా అది గీత దాటే ఉంది. మూడు నెలలకోసారి శాంపిల్ తీస్తున్నాం. పొలంలో ఎగువ మూలన, వాలుకి అవతల కొత్త బోరు వేసి ముందు దాన్నే పరీక్ష చేయించి ఎకరంలో కూరలు మొదలెట్టాడు. బావి కింది ఎకరన్నరలో పచ్చిరొట్ట జనుము చల్లి, వాన నీళ్లతోనే వదిలేశాడు. డీజిల్ డ్రమ్ములు ఇప్పుడు సిమెంటు తొట్టిలో, రేకుల కింద, బావికి దూరంగా ఉన్నాయి. పిన్ని మాత్రం ఏ నీళ్లయినా బిందె ఎత్తేముందు ఒకసారి వాసన చూస్తుంది. తర్వాతి శాంపిల్ ఉగాది తర్వాత. రిపోర్టు రాగానే వీడియో పెడతాను.